రైలు చప్పుడు చాటున ఒక కేక

(‘జెర్సీ’ సినిమా గురించి ఒక సినిమా అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో ఉన్నవాళ్లు కాస్త ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా మొహాలు కనపడితే తప్ప నాకు మాట రాదు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు పాఠం చెప్పిన అలవాటు.

నన్ను పిలిచినప్పుడు, ‘మీకు నచ్చిన ఆట సినిమా ఒకటి తీసుకుని, దాన్ని మీరు ఎలా చూశారో చెప్పండి’ అన్నారు. ఎలా ఉందో కాదు, ఎలా చూశారో చెప్పమన్నారు. ఆ మాట నాకు నచ్చింది. బాగుందా బాగోలేదా అని చెప్పడం ఒక్క నిమిషం పని. ఎలా చూశామో చెప్పాలంటే మాత్రం పక్కన ఎవరు కూర్చున్నారో, అప్పుడు మన ఇంట్లో ఏం నడుస్తోందో, అదంతా లోపలికి వచ్చేస్తుంది.

సినిమా చూడటం నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. వంట ముగించి, గిన్నెలు బోర్లించి, నన్నూ అన్నయ్యనీ మ్యాట్నీకి తీసుకెళ్లేది. తిరిగొచ్చేదారిలో సినిమా గురించి ఒక్క మాట మాట్లాడేది కాదు. మర్నాడు పొద్దున కాఫీ కలుపుతూ మొదలుపెట్టేది. ‘ఆ అమ్మాయి ఏడుస్తున్నంతసేపూ వాకిలి తలుపు తీసే ఉంచారు, చూశావా? ఎవరో వస్తారనేగా?’ అనేది. నాకు అప్పటికి ఆ అమ్మాయి ఏడ్చిందన్నదే గుర్తు. తలుపు అమ్మకి గుర్తు. ఇంటర్ చదివేటప్పుడు నేనూ ఒక నోటుపుస్తకం పెట్టాను. అమ్మ పద్ధతే. చూసిన రాత్రి రాయను, మర్నాడు రాస్తాను. తెల్లారేసరికి బుర్రలో ఏ సీను మిగిలి ఉంటే అక్కడి నుంచి మొదలుపెడతాను.

‘జెర్సీ’ 2019 ఏప్రిల్ 19న విడుదలైంది. మేం రెండో వారంలో చూశాం, నేనూ అన్నయ్యా. మర్నాడు నోటుపుస్తకం తీశాను. అది క్రికెట్ సినిమా. రెండున్నర గంటలకు పైగా ఉన్న సినిమా. నాకు ఒక్క బంతి కూడా గుర్తు రాలేదు. ఒక్క బంతి కూడా! గుర్తొచ్చింది ఒక రైల్వే ప్లాట్‌ఫారం. ఈ రోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ప్లాట్‌ఫారం గురించే. అటూ ఇటూ తిరిగి మళ్లీ అక్కడికే వస్తాను.

ఎంతమంది చూశారు ఈ సినిమా? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. చూడనివాళ్లు... ఒక పదిమంది ఉన్నట్టున్నారు. మీకు ముందే చెప్తున్నాను, ముగింపు చెప్పేస్తాను. ముగింపు దాచిపెట్టి ఈ సినిమా గురించి నిజాయితీగా మాట్లాడటం కుదరదు. వినకూడదనుకుంటే కాసేపు బయట తిరిగి రండి, నేనేం అనుకోను. ఎవరూ లేవడం లేదు. సరే.

కథ రెండు మాటల్లో. గౌతమ్ తిన్ననూరి రాసి తీశారు. అర్జున్ అని ఒక కుర్రాడు, హైదరాబాద్ రంజీ టీములో మంచి బ్యాట్స్‌మన్. రంజీ అంటే దేశం లోపలి జట్లు ఒకదానితో ఒకటి ఆడే క్రికెట్ పోటీ. నాని వేశాడు. పరుగుల మీద పరుగులు చేసినా ఇండియా టీముకి పిలుపు రాదు. 26 ఏళ్లకి, 1986లో, ఆట మానేస్తాడు. ప్రేమించిన సారాని పెళ్లి చేసుకుంటాడు. ప్రభుత్వోద్యోగం వస్తుంది. పదేళ్ల తర్వాత చూస్తే ఆ ఉద్యోగం పోయి, నింద మీద పడి, ఇంట్లో కూర్చుని ఉంటాడు. సారా హోటల్లో ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతుంటుంది. ఆ పాత్ర శ్రద్ధా శ్రీనాథ్ చేసింది. వాళ్లకో చిన్న కొడుకు. ఆ పిల్లాడికి పుట్టినరోజుకి ఇండియా టీము జెర్సీ కావాలి. ఖరీదు 500 రూపాయలు.

ఇక్కడ ఆగుదాం. 500 రూపాయలు.

మామూలుగా ఆట సినిమాలో కథ దేనికోసం నడుస్తుంది? కప్పు కోసం, దేశం కోసం, పగ కోసం, ఊరి పరువు కోసం. ఇక్కడ 500 రూపాయల చొక్కా కోసం నడుస్తుంది. ఆ 500 కోసం అర్జున్ స్నేహితుల్ని అడుగుతాడు. దొరకదు. ఆ డబ్బు కోసమే ఒక ఛారిటీ మ్యాచ్ ఆడటానికి ఒప్పుకుంటాడు. పదేళ్లు బ్యాటు ముట్టని మనిషి బ్యాటు పట్టుకున్నది మళ్లీ హీరో అవుదామని కాదు. పిల్లాడికి చొక్కా కొనాలి, అంతే. దర్శకుడి మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది. మెట్టు ఎంత కిందికి వేశాడో చూడండి. అంత కింది మెట్టు మీద నిలబడ్డ మనిషిని మనం నమ్మకుండా ఉండలేం.

ఇంకో సీన్ ఉంది. ఎక్కడా డబ్బు పుట్టక, భార్య పర్సులో చెయ్యి పెడతాడు. ఆమె చూసేస్తుంది. చూడండి, మన సినిమాల్లో హీరో దొంగతనం చేస్తే అదొక హుషారు. పాట కూడా పెడతారు. ఇది అలాంటిది కాదు. సొంత ఇంట్లో, సొంత భార్య పర్సులో, సొంత కొడుకు కోసం. ఆ మనిషి మొహంలో దొంగ భయం లేదు, దొరికిపోయిన సిగ్గు ఉంది. ఇంట్లో డబ్బుకి కటకటలాడిన రోజులు చూసినవాళ్లకి ఆ సిగ్గు వేరే ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. నేను కుర్చీలో తల దించుకున్నాను. తెర మీద మనిషి సిగ్గుపడుతుంటే మనం ఎందుకు తల దించుకుంటాం? నాకు ఇప్పటికీ తెలియదు. కానీ దించుకున్నాను.

ఆ తర్వాత, చొక్కా కావాలని పిల్లాడు మళ్లీ అడిగితే, విసుగులో చెయ్యి చేసుకుంటాడు. కొట్టిన సంగతి పిల్లాడు వాళ్లమ్మకి చెప్పడు. తండ్రిని కాపాడుకుంటాడు. అంత చిన్న పిల్లాడు! ఆ ఇంట్లో ఎవరు ఎవరిని మోస్తున్నారో ఆ ఒక్క అబద్ధంతో తెలిసిపోతుంది.

ఇప్పుడు సారా గురించి మాట్లాడాలి. మా వెనక వరసలో నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. సారా నోరు విప్పినప్పుడల్లా ‘అబ్బా, మళ్లీ మొదలెట్టింది’ అంటున్నారు. వెనక్కి తిరిగి ఒక మాట అందామనుకున్నాను. అన్నయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పుడు అనలేని ఆ మాట ఇప్పుడు మీతో అంటాను. ఒక్కసారి లెక్క వేయండి. ఇంటద్దె ఎవరు కడుతున్నారు? పాల ప్యాకెట్టు ఎవరి జీతంలోంచి వస్తోంది? రోజంతా హోటల్లో నిలబడి, నవ్వు మొహం పెట్టుకుని ఊరివాళ్లందరికీ నమస్కారాలు పెట్టి, ఇంటికొస్తే మంచం మీద పడుకున్న మొగుడు కనపడతాడు. కాస్త లంచం ఇస్తే ఉద్యోగం తిరిగి వస్తుందని తెలుసు. అతను ఇవ్వనంటాడు. అది అతని నిజాయితీ, కాదనను. ఆ నిజాయితీకి నెలనెలా ఖర్చు కడుతున్నది మాత్రం ఆమె. ఆ మాట ఆమె పైకి అంటే గయ్యాళి అయిపోతుందా?

శ్రద్ధా శ్రీనాథ్ ఏం చేసిందంటే, కోపాన్ని అలసటలో ముంచి చూపించింది. గొంతు పెద్దగా ఎత్తదు. ఎదుటి మనిషి మీద ప్రేమ చచ్చిపోలేదని మనకి తెలుస్తూనే ఉంటుంది. ప్రేమ ఉంది, ఓపిక అయిపోయింది. రెండూ ఒకే మొహంలో చూపించడం మాటలు కాదు. సమీక్షల్లో నాని గురించి పేజీలు రాశారు. రాయాల్సిందే, అంత బాగా చేశాడు. ఈ అమ్మాయికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టారు. నా నోటుపుస్తకంలో ఆమెకి మూడు పేజీలున్నాయి.

సరే, ప్లాట్‌ఫారం దగ్గరికి వద్దాం.

36 ఏళ్ల వయసులో అర్జున్ మళ్లీ రంజీకి ప్రయత్నిస్తాడు. అందరూ వద్దంటారు. సెలెక్టర్లకి నమ్మకం లేదు. ఇంట్లో సారాకి అస్సలు ఇష్టం లేదు. సత్యరాజ్ వేసిన కోచ్ మూర్తిగారొక్కరే వెన్నుదన్ను. చివరికి సెలెక్ట్ అవుతాడు. మామూలు సినిమా అయితే ఇక్కడ ఏం చేస్తారు? భుజాల మీద ఎత్తుకుంటారు. స్వీట్లు పంచుతారు. భార్య గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటుంది. ఇతనికి చెప్పుకోవడానికి మనిషి లేడు. ఇంటికెళ్లి చెప్తే గొడవ. కేక పెట్టి గంతులేద్దామంటే ఈ వయసులో నలుగురూ ఏమనుకుంటారు? అందుకని రైల్వే స్టేషన్‌కి వెళ్తాడు. ప్లాట్‌ఫారం మీద రైలు కోసం ఎదురుచూస్తాడు. రైలు వస్తుంది. ఆ చప్పుడు మొదలవగానే అరుస్తాడు. గొంతు చించుకుని, ఒళ్లంతా ఊగిపోతూ అరుస్తాడు. ఆ అరుపు మనకి వినపడదు. రైలు మింగేస్తుంది. మనకి కనపడేది తెరిచిన నోరూ, మెడ మీద ఉబ్బిన నరాలూ, బిగిసిన పిడికిళ్లూ. వెనక అనిరుధ్ సంగీతం. రైలు వెళ్లిపోతుంది. అంతే, అతని పండగ అయిపోయింది.

నేను యాభై ఏళ్లుగా సినిమాలు చూస్తున్నాను. ఏడుపు దాచుకున్న మనుషుల్ని ఎంతమందినో చూశాను. వానలో ఏడుస్తారు, కుళాయి విప్పి ఏడుస్తారు. సంతోషాన్ని అలా దాచుకున్న మనిషిని నేను చూడలేదు. సంతోషపడటానికి కూడా ఒక చాటు వెతుక్కోవాల్సి వచ్చింది ఆ మనిషికి! అంత బెరుకు, అంత అవమానం పదేళ్లుగా లోపల పేరుకుపోయి ఉంటే తప్ప ఎవరూ అలా చెయ్యరు. పదేళ్ల జీవితం గురించి డైలాగుల్లో చెప్పాల్సిందంతా ఒక్క రైలుతో చెప్పేశాడు దర్శకుడు.

ఆ సీన్ నడుస్తున్నప్పుడు పక్కకి తిరిగి చూశాను. అన్నయ్య కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సినిమా నడుస్తోంది, కళ్లజోడు లేకపోతే ఆయనకి తెర ఆనదు. అయినా తీసేశాడు. నేనేం అడగలేదు.

అన్నయ్య కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేవాడు. బాగా ఆడేవాడని విన్నానే తప్ప నేను చూసింది తక్కువ. ఉద్యోగం వచ్చాక మానేశాడు. ఇంట్లో ఎవరం దాని గురించి ఆలోచించలేదు. సినిమా చూసొచ్చిన రెండో రోజు కాఫీ తాగుతూ అన్నాడు, ‘నన్ను యూనివర్సిటీ టీముకి తీసుకున్న రోజు నాన్నగారికి ఒంట్లో అస్సలు బాగోలేదు. ఇంట్లో అందరూ ఆ హడావిడిలో ఉన్నారు. చెప్పడానికి సందు దొరకలేదు. చెరువు గట్టు మీద చీకటి పడేదాకా కూర్చుని వచ్చేశాను.’ అంతే అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి పేపరు తీసుకున్నాడు. నలభై ఏళ్లు దాటిపోయింది ఆ సంగతి జరిగి. ఆ రోజు నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను.

ఇదండీ, ఈ సీన్ గురించి నేను చెప్పగలిగింది. ఎవరైనా ఆ సీన్ అతిగా ఉంది అంటే నేను వాదించను. నాకు మాత్రం ఆ రైలు ఒక చెరువు గట్టుని చూపించింది.

ఇక ఆట. ఆట సినిమాలో ఆట ఎలా తీశారన్నది కూడా చెప్పాలి కదా. నాకు క్రికెట్టు అంతంతమాత్రం, అన్నయ్యకి బాగా తెలుసు. నేనెప్పుడూ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను. నటుడు ఆడుతున్నాడా, ఆడినట్టు చేస్తున్నాడా అన్నది ఆట ఆడినవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. 1991లో ‘అశ్విని’ వచ్చింది. మౌళి తీశారు. పరుగుపందేల అశ్విని నాచప్ప తన పాత్ర తనే వేసుకుంది. ఆవిడకి అప్పటిదాకా నటన తెలియదు. కానీ ట్రాక్ మీద పరిగెత్తే సీన్లలో ఆ భుజాలు, ఆ మోకాళ్లు లేచే తీరు ఏ నటి చేసినా రాదు. అదొక పద్ధతి. ఆటగత్తెనే తెచ్చుకోవడం. రెండోది నటుణ్ని తయారుచేసుకోవడం. నాని విషయంలో అన్నయ్య అన్నది ఇది: ‘బంతి వచ్చేదాకా తల కదలట్లేదే వీడిది. బాగా నేర్చుకున్నాడు.’ అన్నయ్య నోట్లోంచి అది పెద్ద మెచ్చుకోలు.

ఇంకోటి ఎడిటింగ్. రంజీ ఫైనల్ ఐదు రోజుల ఆట. ఐదు రోజుల్ని తెర మీద కొన్ని నిమిషాలకి కుదించాలి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ప్రతి ఫోరూ సిక్సరూ చూపిస్తే హైలైట్స్ అవుతుంది, టీవీలో రోజూ వస్తుంది అది. మనకి కావలసింది ఆ మనిషి. నవీన్ నూలికి ఈ సినిమా ఎడిటింగ్‌కే జాతీయ అవార్డు వచ్చింది. 67వ జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ తెలుగు సినిమా అవార్డు కూడా ‘జెర్సీ’దే. ఎడిటింగ్ బాగుంటే మనం ఎడిటింగ్ గురించి ఆలోచించం. నేను ఆలోచించలేదు. రెండోసారి చూసినప్పుడు గమనించాను, ఆట మధ్యలో ఎక్కడ గ్యాలరీలోకి వెళ్తున్నాడు, పిల్లాడి మొహం మీద ఎంతసేపు ఉంటున్నాడు అని. ఆ పిల్లాడి కళ్లలోంచి చూస్తున్నాం కాబట్టే క్రికెట్టు రాని నాలాంటిదానికి కూడా టెన్షన్ పుట్టింది.

ఆట సినిమాకి ఒక పెద్ద చిక్కు ఉంది, తెలుసా? చివర్లో గెలుస్తారని మనకి ముందే తెలుసు. అందుకని ఆఖరి బంతిదాకా, ఆఖరి సెకనుదాకా లాగుతారు. కుస్తీ సినిమా ‘దంగల్’ చూశారుగా. ఫైనల్లో చివరి క్షణంలో గీత గెలుస్తుంది, ఊపిరి బిగబట్టి చూశాం. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో గీతా ఫోగాట్ నిజంగా ఆడిన ఫైనల్ అలా జరగలేదు. ఆస్ట్రేలియా అమ్మాయిని ఆవిడ చాలా తేలిగ్గా ఓడించింది. అంత బాగా గెలిచింది కాబట్టే సినిమాకి పనికి రాలేదు! నాకు అది తలుచుకుంటే బాధేస్తుంది. ఏళ్ల తరబడి కష్టపడి అవతలివాళ్లకి అందనంత ఎత్తుకి ఎదిగితే, ఆ ఎత్తుని తెర మీద తగ్గించి చూపించాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లింది 1976 నాటి ‘రాకీ’. రాకీ ఒక బాక్సర్. ఆ సినిమాలో అతను ఆఖరి పోటీ ఓడిపోతాడు. పాయింట్ల మీద ఛాంపియన్ గెలుస్తాడు. ఆ ఫలితం చెప్తున్న గొంతు గోలలో కలిసిపోతుంది. అతనేమో జనంలో తనకి కావలసిన అమ్మాయి పేరు పిలుస్తూ ఉంటాడు. ఎవరు గెలిచారో చాలామంది ప్రేక్షకులకి పట్టనే పట్టదు. ఎందుకంటే చివరి రౌండుదాకా నిలబడి ఉండటమే తనకి కావాలని అతను ముందే చెప్పేశాడు. నిలబడ్డాడు.

‘జెర్సీ’ ఇంకో పని చేసింది. గెలుపుని మ్యాచ్‌ల కంటే ముందే పెట్టేసింది. ప్లాట్‌ఫారం మీదే అతను గెలిచేశాడు. ఆ తర్వాత రంజీ మ్యాచ్‌లన్నీ ఆ గెలుపుకి కొనసాగింపు. అందుకే నాకు బంతులు గుర్తులేవు. అది సినిమా లోపం అనుకుని మొదట్లో అలాగే రాసుకున్నాను కూడా. తర్వాత అర్థమైంది, స్కోరుబోర్డు చూసి చప్పట్లు కొట్టే పని నాకు పెట్టలేదు ఈ సినిమా.

హైదరాబాద్ వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు. అయితే మీకిది తెలిసే ఉంటుంది. హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది రెండే రెండుసార్లు. 1937-38లో ఒకసారి, 1986-87లో ఒకసారి. ఆ రెండోసారి ఫైనల్లో ఢిల్లీ మీద. సినిమాలో అర్జున్ ఆట మానేసింది ఎప్పుడు? 1986లో. అంటే, అతను బ్యాటు పక్కన పెట్టాక నిజం హైదరాబాద్ టీము కప్పు ఎత్తింది. దర్శకుడు అనుకుని పెట్టాడో, కాకతాళీయమో, నాకు ఆ సంగతి తట్టిన రోజు ఒళ్లు జలదరించింది. ఇంట్లో కూర్చుని పేపర్లో ఆ వార్త చదివే అర్జున్‌ని ఊహించుకున్నాను. సినిమాలో ఆ సీన్ లేదు. నా బుర్రలో ఉంది.

ఇంకో నిజం కూడా చెప్తాను. 1999-2000 సీజన్లో మన వి.వి.ఎస్. లక్ష్మణ్ హైదరాబాద్ తరఫున తొమ్మిది రంజీ మ్యాచ్‌ల్లో 1415 పరుగులు చేశాడు. అయినా ఆ ఏడు ఫైనల్లో హైదరాబాద్ ముంబై చేతిలో ఓడిపోయింది. మరుసటి ఏడాది, 2001 మార్చిలో, ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద 281. ఆ ఇన్నింగ్స్ అందరికీ తెలుసు, ఆ వెనక ఉన్న 1415 ఎంతమందికి తెలుసు? జనం పెద్దగా రాని మైదానాల్లో, పేపర్లో రెండు లైన్లు వచ్చే మ్యాచ్‌ల్లో పరుగులు చేస్తూ పోవడం అంటే ఏంటో ఆ అంకె చెప్తుంది. లక్ష్మణ్‌కి తలుపు తెరుచుకుంది. తెరుచుకోనివాళ్లు ఎంతమందో. అర్జున్ వాళ్లలో ఒకడు.

ఇప్పుడు ముగింపు. నా అసలు పేచీ ఇక్కడుంది.

మ్యాచ్ గెలుస్తారు. ఆ తర్వాత కొన్నాళ్లకే అర్జున్ చనిపోయాడని మనకి తెలుస్తుంది. గుండె లయ తప్పే జబ్బు. అసలు 1986లో ఆట మానేసింది సెలెక్షన్ రాజకీయాల వల్ల కాదు, ఈ జబ్బు వల్ల. ఆడితే ప్రాణం పోతుందని డాక్టర్లు చెప్పారు. ఇంట్లో చెప్పలేదు. పదేళ్ల తర్వాత, తెలిసి తెలిసీ, కొడుకు కళ్లలో తనని చూసుకోవడం కోసం మళ్లీ ఆడాడు. హాల్లో అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మర్నాడు నోటుపుస్తకంలో ‘ముగింపు అద్భుతం’ అని రాశాను. ఆ మాట ఇప్పటికీ ఉంది, కొట్టేయలేదు. కింద తేదీ వేసి రెండోసారి చూశాక వచ్చిన ఆలోచన రాశాను. అది చదువుతాను, వినండి.

‘అర్జున్ భయపడి మానేశాడని, బద్ధకంగా ఇంట్లో పడుకున్నాడని రెండు గంటలు నమ్మాను. నమ్మి కూడా అతన్ని ప్రేమించాను. ఇప్పుడు అతను త్యాగమూర్తి అంటున్నారు. నేను ప్రేమించిన మనిషి అతను కాదు.’

అదీ రాసుకున్నది. కాస్త విడమరిచి చెప్తాను. ఆ రెండు గంటల్లో మన ముందున్నది మామూలు మనిషి. చేతిలో విద్య ఉంది, కానీ దాన్ని నిలబెట్టుకోలేకపోయాడు. బిడియం, అభిమానం, బద్ధకం, భయం, అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. మన ఇళ్లలో ఉన్న మనుషులు అలాంటివాళ్లే. మా అన్నయ్యకి గుండె జబ్బేమీ లేదు. ఉద్యోగం వచ్చింది, సంసారం వచ్చింది, ఆట పోయింది. అలా ఊరికే పోయింది. ఆ ఊరికే పోవడంలో ఉన్న నొప్పిని ఇంత బాగా చూపించిన సినిమా, చివర్లో దానికొక మెడికల్ రిపోర్టు చూపించి సమాధానం చెప్పింది. ఆ సమాధానం నాకు అక్కర్లేదు.

రెండోది సారా. ఆమెకి తెలియదు. పదేళ్లు ఆమె కోప్పడింది తెలియక. నిజం బయటపడేసరికి ఏమైంది? ఆమె అడిగిన ప్రశ్నలన్నీ తప్పయిపోయాయి. అద్దె ఎవరు కడతారన్న ప్రశ్న తప్పయిపోయింది. మా వెనక కూర్చున్న ఆ నలుగురు కుర్రాళ్లు చివర్లో ఒకళ్లతో ఒకళ్లు ఏమన్నారో తెలుసా? ‘పాపం, పెళ్లాం అర్థం చేసుకోలేదు’ అన్నారు. అర్థం చేసుకోవడానికి చెప్తే కదా! భార్యకి చెప్పకుండా చావుని దాచుకోవడం ప్రేమ అని మనం ఎప్పటి నుంచి అనుకుంటున్నాం? చెప్పి ఉంటే ఆమె ఏం చేసేది? వద్దనేదా, లేక మైదానం గేటు దాకా తనే వచ్చి దింపేదా? ఆ అవకాశం ఆమెకి ఇవ్వలేదు, అర్జునూ ఇవ్వలేదు, దర్శకుడూ ఇవ్వలేదు.

ఇటువైపు కూర్చున్న అమ్మాయి తల అడ్డంగా ఊపుతోంది. ఒప్పుకోవడం లేదు. మంచిదే తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం, నువ్వు ఏమంటావో నాకు వినాలని ఉంది.

నా మాటకి ఎదురు మాట నేనే చెప్తాను, న్యాయం కాబట్టి. ముగింపు తెలిశాక సినిమా మళ్లీ చూస్తే, ప్లాట్‌ఫారం సీన్ మారిపోతుంది. మొదటిసారి అది ఆనందం. రెండోసారి చూస్తుంటే, ఆ మనిషి తన చావుకి దారి తెరుచుకుందని తెలిసి అరుస్తున్నాడు. అదే నోరు, అదే రైలు. నాని రెండూ ఒకే మొహంలో ఎలా పెట్టాడో నాకు అంతుపట్టలేదు. ముగింపు వద్దంటున్న నేనే, ఆ ముగింపు వల్ల ఈ సీన్ రెండు రెట్లు లోతెక్కిందని ఒప్పుకోవాలి. ఈ రెండు మాటలూ నా నోటుపుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. కలపడం నాకు చేతకాలేదు, కలపాలని కూడా లేదు.

చివరగా ఆ చొక్కా. రంజీ తెల్ల బట్టల్లో ఆడే ఆట. అర్జున్ తన ఆటంతా ఆ తెలుపులోనే ఆడాడు. కొడుకు అడిగింది నీలం. తను ఎన్నడూ తొడుక్కోని రంగు. ఆ చొక్కా కొనలేకపోవడంలో 500 రూపాయల కంటే పెద్ద సంగతి ఉందని అక్కడ తెలుస్తుంది. పిల్లాడికి అది తెలియదు. బట్టల కొట్లో వేలాడుతున్న చొక్కా అనుకుని అడిగాడు. నాన్నకి అది పదేళ్లుగా మానని పుండు. ఆఖరికి ఏళ్లు గడిచాక, కొడుకు పెద్దవాడయ్యాక, ఇండియా జెర్సీ వాళ్ల చేతికి వస్తుంది. అప్పట్లో అర్జున్‌ని టీములోకి తీసుకున్నారట. ఆ కబురు వినడానికి మనిషే లేడు. కొట్లో కొన్న చొక్కా కాదు, అతని పేరు మీద వచ్చిన చొక్కా.

ఆ చొక్కా అందుకుంటున్నప్పుడు కూడా నేను సారా మొహమే చూశాను.

టీ వచ్చినట్టుంది. తాగి వచ్చాక సినిమా వేస్తున్నారు. నేను మూడో వరసలో ఉంటాను. అన్నయ్య కూడా వచ్చాడు, అదిగో ఆ చివర కిటికీ పక్కన. తల ఊపిన అమ్మాయీ, నువ్వు నా పక్కన కూర్చో. సారాకి చెప్పి ఉండాల్సిందా లేదా, సినిమా అయ్యాక తేల్చుకుందాం.